ఒక్క ముక్కలో పోయిన ఆట

పలమనేరు


జూదం మానలేనివాడికి డబ్బాశ ఎక్కువని ఊళ్లో అనుకుంటారు. ఆశే కారణమైతే నాలుగు దెబ్బలు తగిలాక ఆ ఆటకు దండం పెట్టేసి లేచిపోవాలి. పోయేకొద్దీ ఇంకా ఎందుకు ఆడతాడో ఆ మాటతో తేలదు.

మనస్తత్వ శాస్త్రం ముందుగా చూపేది ఎప్పుడొస్తుందో తెలియని రాబడిని. అమెరికన్ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో, మీట పొడిచిన ప్రతిసారీ గింజ తిన్న పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే ఊరుకునేది. ఎన్ని పోట్లకు గింజ పడుతుందో తెలియకుండా అలవాటైన పావురం మాత్రం గింజలు ఆగాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉండేది. మట్కాకైనా, ఫోనులో రమ్మీకైనా ఉన్న పట్టు ఇదే. పలమనేరు మార్కెట్‌కు టమోటా తెచ్చే రైతులు కూడా ఆ పంటను లాటరీ అంటారు. 2023 జూలైలో కిలో వంద దాటిన ధర సెప్టెంబరుకల్లా కుప్పకూలింది కాబట్టి ఆ మాట కాదనలేం. అయితే నారు నాటిన నాటినుంచి కోత దాకా నెలలు పడుతుంది, ఓడిన మనసు చల్లారే వ్యవధి ఉంటుంది. ఫోనులో ఆట నిమిషాల్లో ముగుస్తుంది, ఆ వెంటనే ఇంకోటి సిద్ధం.

ఇందులో మెదడు పాత్రా ఉంది. పార్కిన్సన్ జబ్బుకు, మెదడులోని డోపమైన్ అనే రసాయనంలా పని చేసే మందులు వాడిన కొందరు, అంతకుముందు జూదం వాసనే లేనివాళ్లు, అందులో పడ్డారు. మందు తగ్గిస్తే చాలామంది బయటపడ్డారు. జూదం గుణానికి సంబంధించిన లోపం మాత్రమే అనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

రమ్మీలో పదమూడు ముక్కల్లో పన్నెండు సర్దుకుని, ఒక్క ముక్క కోసం చూస్తుండగా అవతలివాడు షో పెడతాడు. అది ఓటమే, డబ్బు పోయినట్టే. ఆడినవాడు మాత్రం ‘ఒక్క ముక్కలో పోయింది’ అంటాడు. మనస్తత్వ శాస్త్రవేత్త ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అలా త్రుటిలో తప్పిన ఓటమి బాధ కలిగిస్తూనే ఆడాలనే కోరికను పెంచింది, గెలిచినప్పుడు చురుకయ్యే మెదడు భాగాలనే కదిలించింది. ఆ అధ్యయనంలోని స్లాట్ మెషీన్ ఆటలో, బొమ్మను ఆటగాడు తానే ఎంచుకున్నప్పుడే ఆ కోరిక పెరిగింది. అంతా తన చేతిలోనే ఉందనే భ్రమను మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ 1975లోనే వివరించింది. రమ్మీలో ఆ భ్రమకు కొంత ఆధారమూ ఉంది, అదే దాని ప్రమాదం. అది ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని 1967లో సుప్రీంకోర్టు ఒక ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. ఓడినవాడు దాన్ని ‘ఇంకాస్త నేర్చుకుంటే గెలుస్తా’ అని చదువుకుంటాడు. 2020లో రాష్ట్రం, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. చట్టం అంగడి మూయించగలదు గానీ, ఆ లెక్క మనసులో నుంచి పోదు.

అన్నిటికంటే గట్టి ముడి పోయింది రాబట్టుకోవాలనే పట్టుదల. నష్టాన్ని ఒప్పుకోలేనివాడు మామూలుగా తలపెట్టని సాహసానికి కూడా దిగుతాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపారు. లేచిపోతే నష్టం ఖాయం, కూర్చుంటే ఇంకా ఖాయం కాలేదు. అందుకే ఇంట్లోవాళ్లు అప్పంతా ఒక్కసారిగా తీర్చేసినా చాలాసార్లు ఫలితం ఉండదు. వాడికది మళ్లీ ఆడేందుకు చేతికొచ్చిన పెట్టుబడి అవుతుంది. అప్పుల నుంచి గట్టెక్కడానికి ఇతరులమీద ఆధారపడటాన్ని అమెరికన్ మానసిక వైద్యుల 2013 నాటి రోగ నిర్ధారణ గ్రంథం జూద రోగ లక్షణాల్లో ఒకటిగా పేర్కొంది. జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల వరసలో పెట్టింది కూడా ఆ గ్రంథమే.

దీన్నిబట్టి చేయవలసినవీ తేలుతాయి. తిట్లు, ఒట్లు పెద్దగా పనిచేయవు. జీతం, ఏటీఎం కార్డు, యూపీఐ కొంతకాలం ఇంకొకరి చేతిలో ఉండాలి. అప్పులవాళ్లకు ఇంట్లోవాళ్లే నేరుగా, విడతలుగా కట్టాలి. ఫోనులోని ఆటలు, లోన్ యాప్‌లు తీసేయాలి. మానసిక వైద్యుడి దగ్గర ఆలోచనలను సరిదిద్దే చికిత్స ఉంది, ‘ఈసారి తప్పక వస్తుంది’ అన్న లెక్కను అక్కడ కాగితం మీద పెట్టి విప్పుతారు. పలమనేరు వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి దూరం కాదు, ఫోను, ఆన్‌లైన్ వ్యసనాలకు అక్కడ 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అప్పులకు జడిసి చావు మాట ఎత్తితే మాత్రం వాడిని ఒంటరిగా వదలకూడదు, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇట్లు,
పెద్దనాయన