తెగిన చేయి బొమ్మ వేశాక

హైదరాబాద్ నాంపల్లిలో కాంగ్రెస్ వాళ్ల గాంధీభవన్ ఉంది, బీజేపీ రాష్ట్ర ఆఫీసూ ఉంది. అక్కడి నుంచి ఆబిడ్స్, కోఠి దాకా డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ షాపుల్లో, నాయకుల సోషల్ మీడియా చూసే చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసం ఈ మాటలు. ఎదుటి పార్టీ నాయకుణ్ణి రజాకారుగానో, హిట్లర్‌గానో చూపించమని రాత్రిపూట ఆర్డరొస్తుంది, తెల్లారేసరికి కట్టేయాలంటారు. పొద్దున్నే గొడవ మొదలవుతుంది. అప్పుడు క్షమాపణ ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి?

ముందు తగిలిందెక్కడో తెలుసుకోవాలి. హిట్లర్ మనకు చాలా చులకనైపోయాడు. 1997లో చిరంజీవి సినిమాకు అదే పేరు. అప్పటి చిత్తూరు ఎంపీ నారమల్లి శివప్రసాద్ 2018 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం హిట్లర్ వేషంలోనే పార్లమెంటుకు వెళ్లారు. నటుడాయన, నారదుడి వేషమూ వేశారు. కానీ దాదాపు 60 లక్షల మంది యూదులను చంపించినవాడు నారదుడి పక్కన నిలబడే పాత్ర కాదు.

యూరప్ మనకు దూరం అనుకుంటే కాచిగూడ దగ్గరే. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు అక్కడే చేయి నరికి చంపారు. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ శవాన్ని 1859లో ఆ రెసిడెన్సీ దగ్గరే వేలాడదీశారు. తెగిన చేయి, వేలాడే శవం కంప్యూటర్లో ఉచితంగా దొరికే బొమ్మలే కావచ్చు, ఈ పేటల్లో మాత్రం వాటికి మనుషుల పేర్లున్నాయి.

ఇక క్షమాపణ రాతకొద్దాం. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ ఎడిషన్‌లో ఒక కార్టూన్ వచ్చింది. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూ కుక్క, మెడలో యూదుల నక్షత్రం. దాని వెనక నల్లకళ్లద్దాలు పెట్టుకుని నడిచే ట్రంప్. యూదులను జంతువులుగా చూపించే పాత విషప్రచారం అందులో కనిపించింది. పత్రిక మొదట ఇచ్చిన వివరణలో తప్పు ఒప్పుకుంది గానీ క్షమాపణ లేదు. గొడవ పెరిగాక చెప్పింది: తీవ్రంగా చింతిస్తున్నామని, సరైన పర్యవేక్షణ లేకుండా ఒక్క ఎడిటరే ఆ బొమ్మ ఎంపిక చేశారని, పద్ధతి మారుస్తామని. మొదటిసారే ఈ మూడూ చెప్పి ఉంటే సగం గొడవ తప్పేదని నా అభిప్రాయం. వాళ్లు లోపం పద్ధతిలో ఉందన్నారు, ఉద్యోగి పేరు బజార్న పెట్టలేదు. మన దగ్గర ఓనరు మొదట చేసేది ఆపరేటర్ కుర్రాణ్ణి బయటికి నెట్టడం.

మంచి ఉద్దేశంతోనే వేశామన్న వాదన పనికిరాదు. 1949లో శంకర్ గీసిన కార్టూన్‌ను ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో వేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. పాఠం అంబేడ్కర్‌ను తక్కువ చేయలేదు. అయినా ఆయన వెనక కొరడా కనబడితే దళిత విద్యార్థికి ఎలా ఉంటుందన్నది న్యాయమైన ప్రశ్న. 2012 మేలో మంత్రి కపిల్ సిబల్ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, బొమ్మ తీసేస్తామన్నారు. పాఠ్యపుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షికర్ రాజీనామా చేశారు. క్షమాపణ సరే, చర్చకు ముందే తొలగింపు ప్రకటించడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. పాఠ్యపుస్తకానికి ఆ వ్యవధి ఉంటుంది. ఫ్లెక్సీకి ఉండదు, ముందు దించండి.

“ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే చింతిస్తున్నాం” అని రాస్తే తప్పు కాస్తా బొమ్మ చూసినవాళ్ల మీదికి పోతుంది. ఇలా రాయండి:

“నిన్న మేము వేసిన ఫ్లెక్సీలో రాజకీయ విమర్శ కోసం తెగిన చేయి బొమ్మ వాడాం. షోయబుల్లా ఖాన్ హత్యను ఎగతాళి చేసినట్టయింది. అది మా తప్పు, క్షమించండి. ఫ్లెక్సీ దించేశాం, పోస్టులు తీసేశాం. ఇకపై చరిత్రకు సంబంధించిన బొమ్మలను ఇద్దరు చూశాకే ప్రింటుకు పంపుతాం.”

కింద సంతకం ఆర్డరిచ్చిన నాయకుడిది, షాపు ఓనరుది. ఆపరేటర్‌ది కాదు. ఫ్లెక్సీ చౌరస్తాలో కడితే క్షమాపణ కూడా అక్కడే, అంతే పెద్ద అక్షరాల్లో కట్టాలి.

విడుదల చేసేముందు నాంపల్లి కోర్టుల్లో తెలిసిన లాయరుకు చూపించండి. క్షమాపణతో కేసు పోదు. ఎస్సీ, ఎస్టీలు గౌరవించే దివంగతులను ఇతరులు కించపరిస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(వి) కింద నేరం. ఎన్నికల పోస్టరైతే ప్రింటరు పేరు, చిరునామా ఉండి తీరాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 127ఎ చెబుతోంది, కాబట్టి షాపు పేరు దాగదు. ఆర్డరిచ్చిన వాట్సాప్ మెసేజీ, ఆడియో మాత్రం డిలీట్ చేయకండి. బొమ్మ ఎవరు అడిగారో చెప్పడానికి ఉద్యోగి దగ్గర మిగిలే ఆధారం అదే.