గీతలో ఊరు, మట్టిలో మనిషి
(చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ కళపై ఒక పరిచయ వ్యాసం)



మన హాస్టల్లో చిత్రలేఖనం పోటీ ఎప్పుడు పెట్టినా గోడకు అంటించిన కాగితాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద నది, ఒడ్డున కొబ్బరిచెట్టు. నేనూ అదే గీసేవాణ్ని. కానీ మన ఖిలా వరంగల్‌లో బయటికి వస్తే కనిపించేది మట్టికోట కట్ట, తాటిచెట్లు, కట్టమీద మేసే మేకలు. సెలవులకు ఇంటికి పోతే, మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయి మండే చేతులతో తిరిగొచ్చే మా అమ్మ. ఇవేవీ బొమ్మకు పనికొస్తాయని నాకు ఏనాడూ తోచలేదు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. చదువంటే ఆ ఇంటికి దూరంగా పోవడమేనని చాలాకాలం అనుకున్నాను. పి.జి.లో ఉండగా లైబ్రరీలో ఒక పుస్తకంలో లక్ష్మాగౌడ్ బొమ్మలు చూశాను. మేకలు, చెట్లు, తలపాగా చుట్టిన మనుషులు, నగలు పెట్టుకున్న పల్లె ఆడవాళ్లు. మనం సిగ్గుపడి వదిలేసినవన్నీ అక్కడున్నాయి. ఆయన పనిని గురించి నేను తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

జీవిత విశేషాలు

లక్ష్మాగౌడ్ 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్ గ్రామంలో జన్మించారు. చిన్నతనంలోనే ఊళ్లో తోలుబొమ్మల తయారీ, కాల్చిన మట్టితో చేసే అలంకరణలు దగ్గరగా చూశారు. హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, 1963లో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ కుడ్యచిత్రాలు, ముద్రణ కళ నేర్చుకున్నారు.

బరోడాలో ఆయన గురువు కె.జి. సుబ్రమణ్యన్ (1924-2016). శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న సుబ్రమణ్యన్, చేతిపనివారి పనిని గొప్ప కళకు తక్కువగా ఎన్నడూ చూడలేదు. ఆయన స్వయంగా కాల్చిన మట్టి పలకలతో శిల్పాలు చేశారు. మన తెలంగాణకే చెందిన మరో ప్రసిద్ధ చిత్రకారుడు తోట వైకుంఠం కూడా ఆయన శిష్యుడే.

బరోడా చదువు ముగిశాక లక్ష్మాగౌడ్ తన ఊరికి తిరిగి వచ్చారు. అసలు మలుపు ఇక్కడే ఉంది. పట్నంలో నేర్చుకున్న కళ్లతో ఊరిని మళ్లీ చూశారు. పట్నం మర్యాద పేరిట దాచిపెట్టే స్త్రీపురుష సంబంధాలు కూడా పల్లెలో దాపరికం లేకుండా కనిపిస్తే వాటినీ గీశారు. మనుషులు, పశువులు, చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు గీశారు. ఊరిని అందమైన క్యాలెండరు బొమ్మగా మార్చలేదు. తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో ఎందరికో కళను బోధించారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

గీత

లక్ష్మాగౌడ్ ప్రధాన బలం గీత. పెన్నుతో, సిరాతో వేసిన నలుపు తెలుపు చిత్రాలతోనూ, ఎచింగ్‌లతోనూ ఆయనకు పేరు వచ్చింది. ఎచింగ్ అంటే ఏమిటో చూద్దాం.

రాగి లేదా జింకు పలకపై మైనం వంటి పూత పూస్తారు. దానిమీద సూదితో బొమ్మ గీస్తే ఆ గీత వెంబడి పూత పోయి లోహం బయటపడుతుంది. పలకను ఆమ్లంలో ముంచితే బయటపడ్డ చోట మాత్రమే లోహం కరిగి సన్నని గాడి ఏర్పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతై గీత నల్లగా వస్తుంది. తరువాత పూత తీసేసి, గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి ప్రెస్సులో నొక్కుతారు. బొమ్మ కుడిఎడమలు తారుమారై అచ్చవుతుంది. ఒకే పలకనుంచి అనేక ప్రతులు తీయవచ్చు.

మట్టి

లక్ష్మాగౌడ్ కాగితంతో ఆగలేదు. టెర్రకోట, సిరామిక్, కంచు మాధ్యమాల్లోనూ పనిచేశారు. కాగితంమీద గీసిన పల్లె ముఖాలే మట్టిలో తలలుగా, విగ్రహాలుగా లేచి నిలబడ్డాయి.

టెర్రకోట అంటే కాల్చిన మట్టి. మన ఇంటి కుండ, గురిగి, బోనం ఎత్తే ఘటం, పెళ్లికి తెచ్చే ఐరేని కుండలు అన్నీ ఈ కోవకు చెందినవే. మట్టిలోని ఇనుము గాలి తగిలేలా కాలినప్పుడు ఎరుపు వస్తుంది. కుండ గోడలో సన్నని రంధ్రాలు మిగులుతాయి కనుక నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. సిరామిక్ పనిలో ఇంకో మెట్టు ఉంది. కాలిన వస్తువుపై గ్లేజు అనే పూత పూసి మళ్లీ కాలిస్తే అది కరిగి గాజులా అంటుకుంటుంది. బొమ్మలో తేమ మిగిలితే ఆవిరై పగులుతుంది. అందుకే పెద్ద బొమ్మలను లోపల బోలుగా చేసి, నిదానంగా ఆరబెడతారు. తొందరపడేవారికి మట్టి లొంగదు.

పచ్చిమట్టిపై పుల్లతో కూడా గీత గీయవచ్చు. కాబట్టి గీతలో చేయి తిరిగినవారికి మట్టి కూడా ఒక కాగితమే. మన కుమ్మరి తాతలు కుండ మెడచుట్టూ వేసిన గీతలూ ఆ కోవలోవే. వారి పేర్లు ఎవరూ రాసుకోలేదు. మన కోటలోని కీర్తి తోరణాలు చెక్కిన శిల్పులకూ పేరు దక్కలేదు. 1323లో కాకతీయ రాజ్యం పోయినా వారి చేతిపని నిలిచే ఉంది.

మనకేమి పాఠం?

మన సంస్కృతి అంటే పండుగనాడు వేసుకునే వేషం కాదు. రోజూ చూస్తూ కూడా చూడకుండా దాటిపోయే మన మనుషులు, మన పనులు, మన వస్తువులు. లక్ష్మాగౌడ్‌ను ఊరినుంచి చదువు దూరం చేయలేదు. ఊరిని చూడటానికి కావలసిన పనితనాన్ని ఇచ్చింది. పుట్టిన ఊరు ఒక్కటే సరిపోలేదు, బరోడా ఒక్కటే కూడా సరిపోయేది కాదు. రెండూ కలిస్తేనే ఆ గీత వచ్చింది.

తమ్ముళ్లూ, ఒక చిన్న అభ్యాసం. ఈసారి పోటీలో కొండలూ సూర్యుడూ వద్దు. మీ ఇంట్లో వాడే ఒక వస్తువును ఎంచుకోండి. పదిహేను నిమిషాలు దానినే చూసి, రబ్బరు వాడకుండా గీయండి. గీత వంకరపోయినా ఫరవాలేదు.

మొన్న సెలవుల్లో నేను మా అమ్మ చేతులు గీశాను. బొమ్మ బాగా రాలేదు. అమ్మ మాత్రం చాలాసేపు చూసి, "ఈ ఏలు గిట్ల వంకర్గుంటదారా?" అని తన చేతిని తిప్పి చూసుకుంది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి, ఎం.ఏ.