చలికాలపు ఉదయమున మొరాయించు డీజిలు వాను: లోపము కనిపెట్టు విధము

మన సభ్యులలో కొందరు సొంత వానుపై నూలు తెచ్చుకొని, నేసిన సరుకును బజారునకు చేర్చుకొనుచున్నారు. వీనిలో పాత మటడార్ వంటి బండ్లు ఇంకను కొన్ని తిరుగుచున్నవి. మధ్యాహ్నము ఒక్క తిప్పుతో పలుకు ఇంజను, పుష్యమాసపు తెల్లవారుజామున ఎంత తిప్పినను పలుకదు. చాదర్ల మూటలు రైలు పార్సెలునకు అందవు. ఒప్పుకొన్న గడువు తప్పును. ఆ తొందరలో పంపు విప్పించుటయో, కొత్త బ్యాటరీ కొనుటయో జరుగును. తీరా చూడగా లోపము వేరొకచోట నుండును. పోగు తెగినప్పుడు నేతగాడు మగ్గమంతయు విప్పడు. తెగిన కొస వెదకి ముడివేయును. ఇంజను విషయమునను అదే పద్ధతి. ఆ వెదకు వరుసయే ఈ పాఠము.

ఇంజను పలుకుటకు కావలసినవి

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు ఇరవయ్యవ వంతునకు అణచును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కుట అందరికిని తెలిసినదే. అట్లే అణగిన గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. అందు పడిన డీజిలు తనంతట అంటుకొనును. చలిలో గాలి చల్లగా లోనికి వచ్చును. చల్లని ఇనుము దాని వేడిని పీల్చును. ఇంజను ఆయిలు చిక్కబడును, బ్యాటరీ బలము తగ్గును. ఇంజను మెల్లగా తిరిగినకొలది అణగిన గాలి రింగుల సందున జారిపోవును. కనుక చూడవలసినవి మూడు: తిరుగు వేగము, వేడి, డీజిలు.

“డీజిలు గడ్డకట్టినది” అని కొందరందురు. మన దేశపు ప్రమాణము ప్రకారము చలికాలపు డీజిలు 3 డిగ్రీల చలిలోను పారవలెను. సోలాపురములో జనవరి తెల్లవారుజాములు సాధారణముగ 15 డిగ్రీల దరిదాపున నుండును. మైనస్ 33 డిగ్రీల వరకు తట్టుకొను ప్రత్యేకపు డీజిలు 2019లో లడఖ్‌లో వచ్చినది. మనకు దాని అవసరము లేదు. అందుచేత డీజిలులో కిరసనాయిలు కలుపుట వ్యర్థము. పంపునకు, నోజిళ్ళకు డీజిలే కందెన. కిరసనాయిలు కలిసినచో అవి త్వరగా అరుగును. అది కల్తీ నేరము కూడ.

మొదట పొగ చూడవలెను

ఒకరు తాళము తిప్పుచుండగా మరియొకరు పొగగొట్టము వద్ద నిలువవలెను.

1. సెల్ఫ్ మూలుగుచు మెల్లగా తిరిగినచో, పొగ సంగతి అటుంచి బ్యాటరీని చూడవలెను.
2. బాగుగ తిరుగుచు తెల్లని పొగ వచ్చినచో, డీజిలు సిలిండరును చేరుచున్నది, అంటుకొనుట లేదు. ఇది వేడి లోపము.
3. బాగుగ తిరుగుచు పొగ ఏమియు రానిచో, డీజిలు చేరుట లేదు.

వేగము

రాత్రి విశ్రాంతి పొందిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. సెల్ఫ్ తిరుగునప్పుడు 9.5కు దిగువ పడినచో బ్యాటరీ బలహీనమని అనుమానింపవలెను. అయినను కొత్తది కొనుటకు ముందు టెర్మినళ్ళు చూడుడు. తెల్లని లేక పచ్చని పొక్కు కట్టియున్నచో, ఎర్త్ తీగను మొదట విప్పి, వేడినీటితో కడిగి, గీకి, బిగించి, వ్యాసలీను పూయవలెను. ఇంజనునుండి బాడీకి పోవు ఎర్త్ పట్టీని మరువరాదు. సెల్ఫ్ తిప్పిన పిదప ఏ ముడి వేడెక్కునో అచ్చట పట్టు సరిగా లేదు. ఆయిలు విషయములో బండి పుస్తకము ఒప్పినచో 20డబ్ల్యు కంటె 15డబ్ల్యు రకము చలిలో తేలికగా తిరుగును.

వేడి

చల్లని ఇంజనుకు సాయముగా ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క హీటర్ ప్లగ్ ఉండును. తెల్లని పొగకు మొదటి ముద్దాయి ఇదే. పాతరకపు చుట్టతీగ ప్లగ్గులు ఒకదాని వెంట ఒకటిగా కలుపబడియుండును. ఒకటి కాలిపోయినచో అన్నియు చల్లబడును. తరువాతి పెన్సిలు రకములో దేనిది దానికే కరెంటు. అందు ఒకటి రెండు కాలినచో ఇంజను కుంటుచు పలికి, కొద్దిసేపు తెల్లపొగ విడిచి, పిదప సర్దుకొనును. ఇది ముందు హెచ్చరిక.

పెన్సిలు రకమును పరీక్షించుట సులభము. ప్లగ్ తీగను విప్పి, పరీక్ష దీపపు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కు, రెండవ కొసను ప్లగ్ తలకు తాకింపవలెను. దీపము వెలిగినచో ప్లగ్ తీగ తెగలేదు, వెలుగనిచో కాలినది. అన్నియు మంచివైనచో, హీటరు వేసియుండగా ప్లగ్గులకు వచ్చు తీగలో కరెంటు ఉన్నదా చూడవలెను. లేనిచో ఫ్యూజు, రిలే పరీక్షింపవలెను.

డీజిలు

ముందుగా ఇంజను ఆపు తీగ పూర్తిగా వెనుకకు వచ్చినదో లేదో చూడుడు. పిదప చేతి పంపును పది ఇరువది సార్లు కొట్టి తిప్పుడు. వెంటనే పలికినచో, రాత్రి ఎక్కడనో గాలి దూరి డీజిలు ట్యాంకులోనికి జారినదని అర్థము. పీల్చువైపు గొట్టములు, ఫిల్టరు వాషరులు, క్లిప్పులు మార్చవలెను. ఆ వైపు సందు గాలి పీల్చునే కాని పైకి తడి చూపకపోవచ్చును. ఫిల్టరు పైనున్న స్క్రూను వదులుచేసి, బుడగలు ఆగువరకు చేతి పంపు కొట్టి, మరల బిగింపవలెను. నోజిలు గొట్టము వదులుచేసినప్పుడు చేయి అడ్డుపెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.

ఈ మూడును సరిగానున్నను పలుకనిచో, వాల్వు సందును, కంప్రెషనును మేస్త్రీచే కొలిపింపవలెను. పెద్ద ఖర్చు మాట అప్పుడే.

చేయరానివి

హీటర్ ప్లగ్గులున్న ఇంజనులోనికి ఈథరు చిమ్మరాదు. అది వేళకు ముందే మండి పిస్టనును పగులగొట్టగలదు. ఆయిలు తొట్టి క్రింద మంట పెట్టరాదు. పైన నూలు కట్టలున్నవని మరువరాదు. సెల్ఫ్‌ను పది పదునైదు సెకండ్లకు మించి తిప్పక, నడుమ ఒక నిమిషము ఆగవలెను. అన్నిటికంటె ముఖ్యము: తలుపులు మూసిన మగ్గాల కొట్టులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. ప్రక్కగదిలో పిల్లలు నిద్రించుచుందురు. ముందు తలుపులు తెరచి, వానును బయటకు నెట్టి, పిమ్మట తాళము తిప్పవలెను.

కార్తికము వెళ్ళకముందే టెర్మినళ్ళు, ప్లగ్గులు, ఫిల్టరు ఒక్కపూట చూచుకొన్నచో, పెండ్లిండ్ల బేరము నాటికి బండి ఆగదు.