గుడి కిటికీలో ఏం చెట్టు?



ఆదివారం పూజలో ప్రక్కన కూర్చున్న బిడ్డ రంగుటద్దాల కిటికీ చూపి "అది ఏం చెట్టు?" అని అడిగితే మీరేమి చెబుతారు? "అందం కోసం వేశారులే" అంటే ఒక పాఠం పోయినట్లే. చదువురాని విశ్వాసులకు ఒకప్పుడు ఆ కిటికీలే జ్ఞానోపదేశం చెప్పేవి.

ఫ్రాన్సు దేశంలో షార్త్ర్ పట్టణపు మేరీమాత దేవాలయంలో సుమారు 1150లో అమర్చిన కిటికీ ఒకటి ఉన్నది. అడుగున దావీదు తండ్రి యిషాయి పడుకొని ఉంటాడు. అతని దేహం నుండి చెట్టు లేస్తుంది. దానిమీద రాజులు, వారికి పైన మరియమాత, అందరికంటె పైన క్రీస్తు ప్రభువు. ఆయన చుట్టూ ఏడు పావురాలు, అంటే పవిత్రాత్మ ఏడు వరాలు. యెషయా 11:1-2 చదివి చూడండి, కిటికీ అంతా అర్థమవుతుంది. ప్రవక్త చెప్పింది పచ్చని చెట్టు గురించి కాదు, నరికిన మోడు గురించి. వేసవిలో గట్టుమీద కొట్టిన వేప తొలకరికి చిగురించడం చూసిన పల్నాటి రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

తెలుగునాట రంగుటద్దాలకు పేరుపడినది మెదక్ చర్చి. అది కతోలిక దేవాలయం కాదు, దక్షిణ ఇండియా సంఘం వారిది. 1924లో ప్రతిష్ఠించారు. ప్రభువు జననం, సిలువ మరణం, మోక్షారోహణం అక్కడి కిటికీలలో చూడవచ్చు. వెళితే పగలే వెళ్ళండి. బయటి వెలుగు పడితేనే బొమ్మ కనబడుతుంది.

మీ గుడిలో అటువంటి కిటికీ లేదా? పునీత జోజప్పగారి స్వరూపాన్ని చూడండి. చేతిలోని తెల్లని లిల్లీ నిర్మల జీవితానికి గుర్తు. మంగళవార్త చిత్రాలలో గబ్రియేలు దూత చేతిలోనూ తరచు అదే పువ్వు. మందసం మీద చెక్కిన కంకిని మన పిల్లలు వరి అనుకొంటారు. అది గోధుమ అని సరిదిద్దండి. దివ్యబలిపూజకు గోధుమ అప్పమే కావాలి గదా!

మరి మన మిరప, పత్తి? మిరప పవిత్ర గ్రంథంలో లేదు. అది అమెరికా ఖండపు మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికి వచ్చింది. పత్తి ఉన్నది! ఎస్తేరు 1:6లో పారశీక రాజు విందుకు కట్టిన తెరలను చెప్పే హీబ్రూ మాట 'కర్పస్'. మన 'కార్పాసం' నుండి వెళ్ళిన మాటే అది. గ్రంథం మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. అయితే అది రాజు డాబుకు కట్టిన తెర. క్రొత్త గుడి కిటికీకి పత్తికాయ వేయిద్దామనే విచారణ పెద్దలు, పనివానికి బయానా ఇవ్వకముందే ఆ అధ్యాయమంతా చదివి గురువుగారితో మాట్లాడండి.