నేవీ ఆఫీసర్ అవుతారా? గోదావరి అమ్మాయిలకు దారులివి

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే చిన్న తెరచాప నౌక ప్రపంచ యాత్రకు బయల్దేరింది. అందులో ఉన్న ఆరుగురూ భారత నౌకాదళ మహిళా అధికారులే. వారిలో ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, మరొకరు హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ, పెను గాలులకు పేరుమోసిన కేప్ హార్న్‌ను దాటి, 21,600 నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణించి 2018 మే 21న తిరిగి గోవా చేరుకున్నారు. పూర్తిగా మహిళలే నడిపిన నౌక భూమిని చుట్టిరావడం మన దేశంలో అదే తొలిసారి.

ఈ యాత్రలో సాహసంతో పాటు మన విద్యార్థినులు గమనించాల్సిన విషయం మరొకటుంది. స్వాతి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారి. ఐశ్వర్య నౌకల నిర్మాణం చూసే నేవల్ ఆర్కిటెక్ట్. ఇద్దరూ తమ చదువుకు తగిన విభాగంలో ఆఫీసర్లయ్యారు, ఆ తర్వాత శిక్షణ తీసుకుని మహాసముద్రాల మీదికి వెళ్లారు. కాబట్టి నేవీలో చేరాలంటే ముందే సముద్రం తెలిసి ఉండాలన్న భయం అక్కర్లేదు. మీ చదువు ఏ విభాగానికి సరిపోతుందో తెలిస్తే చాలు.

తలుపులు ఎలా తెరుచుకున్నాయి?

మన నది పేరు పెట్టుకున్న యుద్ధనౌక ఐఎన్‌ఎస్ గోదావరి 1983లో నేవీలో చేరింది. అప్పటికి వైద్య విభాగంలో తప్ప నౌకాదళంలో మహిళా అధికారులు లేరు. 1992లో ఎడ్యుకేషన్, లాజిస్టిక్స్, లా విభాగాల్లో తొలిసారి అవకాశమిచ్చారు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పుతో నేవీ మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (పదవీ విరమణ దాకా సర్వీసు) పొందే అవకాశం దక్కింది. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో అమ్మాయిల తొలి బ్యాచ్ చేరింది. అందులో 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తిచేసుకున్నారు. ఈలోగా 2023లో లెఫ్టినెంట్ కమాండర్ ప్రేరణా దేవస్థలీని ఐఎన్‌ఎస్ త్రింకట్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా నియమించారు. మన నేవీలో యుద్ధనౌకకు మహిళ నాయకత్వం వహించడం అదే మొదలు.

ఇంటర్ తర్వాత

ఎంపీసీ చదివే అమ్మాయిలకు రెండు దారులున్నాయి. మొదటిది యూపీఎస్‌సీ ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ పరీక్ష. గణితానికి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. అమ్మాయిలకు దరఖాస్తు ఫీజు లేదు. ఎంపికైతే ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో మూడేళ్లు, ఆ తర్వాత కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో శిక్షణ. రెండోది 10+2 బీటెక్ ఎంట్రీ. జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగా ఇంటర్వ్యూకు పిలుస్తారు. బీటెక్ చదువు ఎళిమలలోనే సాగుతుంది. ఈఏపీసెట్, జేఈఈల కోసం ఎలాగూ చదువుతున్నారు కనుక సిలబస్ చాలావరకు మీకు తెలిసిందే. దానికి ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ జోడించండి.

డిగ్రీ, బీటెక్ తర్వాత

షార్ట్ సర్వీస్ కమిషన్‌కు ఇంజినీరింగ్ పట్టభద్రులతో పాటు కొన్ని విభాగాల్లో లా, ఎంబీఏ, ఎంఎస్సీ చదివినవారికీ అవకాశముంది. రాతపరీక్ష లేకుండా డిగ్రీ మార్కులతోనే ఇంటర్వ్యూకు ఎంపిక చేసే నోటిఫికేషన్లు ఎక్కువ. అందుకే మొదటి సెమిస్టరు నుంచే మార్కుల మీద శ్రద్ధ పెట్టాలి. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంటే కటాఫ్‌లో సడలింపు ఇస్తారు. మూల వేతనం నెలకు రూ.56,100తో మొదలవుతుంది, అలవెన్సులు అదనం. సర్వీసు పదేళ్లు, దాన్ని నాలుగేళ్లు పొడిగించవచ్చు. అక్కడితో బయటికి వస్తే నెలనెలా పెన్షన్ రాదు. పర్మనెంట్ కమిషన్ ప్రతిభ, ఖాళీలను బట్టి దక్కుతుంది. ఈ సంగతులన్నీ ముందే తెలుసుకుని నిర్ణయం తీసుకోండి.

ఎస్‌ఎస్‌బీలో ఏం చూస్తారు?

ఏ దారిలో వెళ్లినా ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ తప్పదు. విశాఖపట్నంలోనూ ఎంపిక కేంద్రం ఉంది. దాదాపు ఐదు రోజులు మానసిక పరీక్షలు, బృంద కార్యక్రమాలు, ముఖాముఖి ఉంటాయి. అక్కడ కంఠస్థం చేసిన జవాబులు పనికిరావు. పదిమందిలో ఉన్నప్పుడు ఎలా మాట్లాడతారు, ఎదుటివారి మాట ఎంత ఓపికగా వింటారు, పని తలకెత్తుకుంటారా, చేసిన తప్పును ఒప్పుకుంటారా అన్నవి చూస్తారు. హాస్టల్ గదికీ స్టడీ అవర్‌కీ పరిమితమైన విద్యార్థినులు తడబడేది ఇక్కడే. కాలేజీలో ఒక ఆటలోనో, ఎన్‌సీసీలోనో, ఎన్‌ఎస్‌ఎస్‌లోనో చేరండి. రోజూ ఇంగ్లిష్ పత్రిక చదివి, ఒక వార్త గురించి స్నేహితురాలితో ఐదు నిమిషాలు మాట్లాడండి. పరుగు అలవాటు చేసుకోండి. కంటిచూపు, రంగులను గుర్తించే శక్తి ఇప్పుడే డాక్టరుతో పరీక్ష చేయించుకోండి.

ఈత కూడా నేర్చుకోండి. కాలువ గట్ల మీద పెరిగినా మన దగ్గర ఈత ఎక్కువగా అబ్బాయిలకే నేర్పుతారు. నేవల్ అకాడమీలో ఎలాగూ నేర్పుతారు, అయినా నీటి భయం ముందే పోతే శిక్షణ తేలికవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ ఎంట్రీలకు పెళ్లికానివారే అర్హులు. శిక్షణ పూర్తయ్యేదాకా పెళ్లి చేసుకోకూడదు. డిగ్రీ పూర్తవగానే సంబంధాలు వెతికే అలవాటు ఉన్న ఇళ్లలో మంచి అవకాశాలు చేజారేది ఇక్కడే. అమ్మాయికి ఆసక్తి ఉందంటే ఆ కొన్నేళ్ల వ్యవధి ఆమెకివ్వండి. దూరమని, ప్రమాదమని వద్దనే ముందు తారిణి సిబ్బందిలో ఇద్దరు తెలుగింటి ఆడపిల్లలేనన్న సంగతి గుర్తుచేసుకోండి.

వయసు, మార్కులు, శారీరక ప్రమాణాలు ఎంట్రీని బట్టి మారతాయి. నేవీ, యూపీఎస్‌సీ అధికారిక వెబ్‌సైట్లలోని నోటిఫికేషన్‌నే నమ్మండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగేవారిని దగ్గరికి రానీయకండి. అర్హత ఉంటే ఈసారి నోటిఫికేషన్‌కే దరఖాస్తు చేయండి.