ఒకే రేకు – అనేక రంగులు

మిట్టేమరి నుండి తూర్పు దిక్కుగా పోతే మదనపల్లె వస్తుంది. ఇంకా ముందుకు సాగితే చిత్తూరు. ఆ చిత్తూరు ప్రాంతంలో నందనూరు అనే పల్లె ఉన్నది. 1925 జులై 15వ తేదీన కృష్ణారెడ్డి ఆ పల్లెలో జన్మించారు. తెలుగు పల్లెలో పుట్టిన ఈ బాలుడు పెరిగి పెద్దవాడై, పారిసు, న్యూయార్కు నగరాలలోని కళాకారులకు గురువు అయ్యారు.

కృష్ణారెడ్డి మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ పాఠశాలలో చదువుకున్నారు. తరువాత బెంగాలులోని శాంతినికేతనంలో చేరి, నందలాల్ బోసు వద్ద చిత్రకళ అభ్యసించారు. 1947 నుండి 1949 వరకు మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళా విభాగానికి అధిపతిగా పనిచేశారు. పిమ్మట లండను వెళ్లి హెన్రీ మూర్ వద్ద శిల్పకళ నేర్చుకున్నారు. అక్కడి నుండి పారిసు చేరుకున్నారు. అక్కడ హేటర్ అనే కళాకారుడు 'ఆతెలియే 17' అనే అచ్చు చిత్రాల కార్మికశాల నడుపుతుండేవారు. కృష్ణారెడ్డి జీవితం అక్కడే మలుపు తిరిగింది.

అచ్చు చిత్రం ఎలా తయారవుతుంది? రాగి లేక జింకు రేకు మీద బొమ్మను చెక్కుతారు. దానికి సిరా పూసి, తడి కాగితం పరచి, యంత్రంలో గట్టిగా అదుముతారు. బొమ్మ కాగితం మీదికి వస్తుంది. అయితే నాలుగు రంగులు కావాలంటే సాధారణంగా నాలుగు రేకులు చేసి, నాలుగుసార్లు అచ్చు వేయవలసి వచ్చేది. ఒక్కసారి కాగితం కదిలితే బొమ్మ చెడిపోయేది.

ఈ చిక్కును విప్పడానికి హేటర్, కృష్ణారెడ్డి, కైకో మోతీ పూనుకున్నారు. రేకును ఎత్తుపల్లాలుగా చెక్కారు. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో పూస్తే, అది మిట్టలకు మాత్రమే అంటుతుంది. నూనె తక్కువగల చిక్కని సిరాను మెత్తని రోలరుతో పూస్తే, అది పల్లాలలోకి దిగుతుంది. మిట్టల మీది పలుచని సిరా దానిని అంటనీయదు. రెండు రంగులూ కలగాపులగం కాకుండా దేని చోట అది నిలుస్తుంది. ఒకే రేకు, ఒకే అచ్చు. రంగులు మాత్రం అనేకం!

కృష్ణారెడ్డి స్వతహాగా శిల్పి. అందుకే రేకును కూడా శిల్పంలాగానే చెక్కేవారు. నీటి సుడులు, అలలు, పురుగులు, పూలు ఆయన చిత్రాలలో కనిపిస్తాయి. 1968లో పారిసు విద్యార్థుల ఉద్యమాన్ని చూసి 'ప్రదర్శనకారులు' అనే చిత్రం చేశారు. 'మహా విదూషకుడు' అనే రేకు నుండి రంగులు మార్చి మార్చి ఎన్నో అచ్చులు తీశారు.

తాము కనుగొన్న రహస్యాన్ని ఆయన దాచుకోలేదు. దేశదేశాలు తిరిగి విద్యార్థులకు నేర్పారు. 1988లో ఆ పద్ధతిని వివరించే పుస్తకం ప్రకటించారు. అలీగఢ్‌లో పుట్టి, తరువాత న్యూయార్కులో స్థిరపడిన ప్రసిద్ధ చిత్రకారిణి జరీనా కూడా ఆతెలియే 17లోనే పని నేర్చుకున్నారు. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల చిత్రాలను ఒకే చోట ప్రదర్శించింది.

భారత ప్రభుత్వం 1972లో కృష్ణారెడ్డిని పద్మశ్రీ బిరుదుతో గౌరవించింది. 2018 ఆగస్టు 22న ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. దాచుకున్న విద్య ఒక్కరితో ముగుస్తుంది. పంచిన విద్య గురువు వెళ్లిపోయినా నిలుస్తుంది. నేడు ఏ దేశంలోనైనా ఒకే రేకు నుండి పలు రంగులు అచ్చు వేసే విద్యార్థి చేతిలో నందనూరు బాలుని శ్రమ కూడా ఉన్నది.

పదాలు – అర్థాలు
అభ్యసించు = నేర్చుకొను
పిమ్మట = తరువాత
కలగాపులగం = గందరగోళంగా కలిసిపోవడం
విదూషకుడు = నవ్వించేవాడు

ప్రశ్నలు
1. పలు రంగుల అచ్చుకు పూర్వం ఎదురైన చిక్కు ఏమిటి?
2. పలుచని సిరా, చిక్కని సిరా ఎందుకు కలిసిపోవు?
3. "దాచుకున్న విద్య ఒక్కరితో ముగుస్తుంది." మీ ఊరిలోని ఒక వృత్తిని ఉదాహరణగా తీసుకొని వివరించండి.