శనగ దిగుమతి విధానం, గిడ్డంగి తాకట్టు రుణం: ఎర్రగుంట్ల ప్రాంతంపై ఒక పరిశీలన

ఎర్రగుంట్ల పేరు వినగానే నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు స్ఫురించడం సహజం. పట్టణం దాటి జమ్మలమడుగు వైపు, ముద్దనూరు వైపు సాగే నల్లరేగడి భూములలో మాత్రం రబీకి ప్రధానమైన పంట శనగ. అక్టోబరు, నవంబరు మాసాలలో ఈశాన్య రుతుపవనపు వానలకు తడిసిన నేలలో విత్తి, నేలలో నిలిచిన ఆ తేమ మీదనే పెంచి, జనవరి చివరి నుండి మార్చి మొదటి వారాల లోపల కోసే పంట ఇది. 2016లో రాకపోకలు మొదలైన ఎర్రగుంట్ల–నంద్యాల రైలు మార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె మీదుగా చాలావరకు ఈ శనగ నేలల గుండానే సాగుతుంది. జె.జి.-11 రకం వచ్చిన తరువాత విస్తరించిన ఈ సాగుకు నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన ఎన్.బి.ఇ.జి. రకాలు, ముఖ్యంగా యంత్రంతో కోయడానికి అనువైన ఎన్.బి.ఇ.జి.-47, మరింత ఊతమిచ్చాయి.

రాయలసీమ వ్యవసాయానికి సంబంధించి విదేశీ వాణిజ్యం అనగానే చర్చ ఎగుమతుల మీదికే పోతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుండి ముంబైలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటి గెలలతో ప్రత్యేక రైలు బయలుదేరినప్పుడు దానికి లభించిన ప్రచారం అందుకు ఉదాహరణ. శనగ రైతు పరిస్థితి వేరు. అతడు ఒక్క బస్తా కూడా ఓడకెక్కించడు. అయినా కెనడాలో, రష్యాలో, ఆస్ట్రేలియాలో ఆ ఏడు ఏమి విత్తారు, దిల్లీలో దిగుమతి సుంకం ఎంత నిర్ణయించారు అన్న రెండు సంగతులూ అతని ధరలో చేరి ఉంటాయి. అంటే ఇక్కడి రైతుకు విదేశీ వాణిజ్యం దిగుమతి రూపంలోనే ఎదురవుతుంది. అతనికి అందే బ్యాంకు పరపతి ఈ సంగతిని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటున్నదో పరిశీలించడం అవసరం.

సుంకం మారిన తేదీలు, పంట నడిచిన తేదీలు

శనగతో నేరుగా పోటీపడేది విదేశీ శనగ ఒక్కటే కాదు. పసుపు బఠాణీ అంతకంటె బలమైన పోటీదారు. దానిని మర ఆడిస్తే వచ్చే పిండి శనగపిండిలో కలిసిపోతుంది; మిఠాయి, కారపు తినుబండారాల తయారీదారులు ధర తేడాను బట్టి ఒకదానికి బదులు మరొకటి వాడతారు. అందువలన బఠాణీ చౌకైతే శనగకు గిరాకీ తగ్గుతుంది.

2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం బఠాణీ మీద 50 శాతం సుంకం విధించింది. 2018 మార్చి నాటికి శనగ మీది సుంకం 60 శాతానికి చేరింది. 2019 డిసెంబరులో బఠాణీకి కిలో 200 రూపాయల కనీస దిగుమతి ధరను నిర్ణయించడంతో ఆ సరుకు రాక దాదాపు నిలిచిపోయింది. కాగితం మీద ఇది రైతుకు బలమైన రక్షణ. అయితే 2016 చివరలో క్వింటాలు 9,000 రూపాయలు దాటిన శనగ ధర 2018లో అప్పటి మద్దతు ధర 4,400 రూపాయల కంటె దిగువకు పడిపోయింది. దేశంలో పంట సమృద్ధిగా పండడం ఒక కారణం. సుంకం పెంచేనాటికే దిగుమతి అయిన సరుకు వ్యాపారుల గిడ్డంగులలో నిండి ఉండడం రెండవ కారణం. సుంకం రేవులోకి రాబోయే సరుకును ఆపగలదే కాని, వచ్చి చేరిన సరుకును వెనక్కి పంపలేదు.

తరువాత ధోరణి తిరగబడింది. పప్పుల ధరల పెరుగుదలను అదుపు చేసే ఉద్దేశంతో 2023 డిసెంబరు 8న పసుపు బఠాణీని సుంకం లేకుండా అనుమతించారు. అప్పటికి ఎర్రగుంట్ల చుట్టుపక్కల శనగ విత్తడం పూర్తయి, పైరు నేల మీద ఉంది. ఏ పంట వేయాలన్న నిర్ణయాన్ని మార్చుకునే అవకాశం రైతుకు అప్పుడు లేదు. మొదట 2024 మార్చి చివరి వరకే అన్న ఆ అనుమతిని పలుమార్లు పొడిగించారు. 2024 సంవత్సరంలో దేశంలోకి వచ్చిన పసుపు బఠాణీ సుమారు 30 లక్షల టన్నులు. దేశపు వార్షిక శనగ ఉత్పత్తి సుమారు 110 లక్షల టన్నులని గుర్తు చేసుకుంటే ఆ పరిమాణం ఎంతటిదో తెలుస్తుంది.

2024 మే మొదటి వారంలో దేశీ రకపు శనగ మీద కూడా సుంకాన్ని 2025 మార్చి 31 వరకు ఎత్తివేశారు. ఇక్కడ తేదీ ముఖ్యం. మే నెల అంటే ఇక్కడ పంట ఇల్లు చేరి, ధర కోసం కొంత భాగం గిడ్డంగికి ఎక్కిన సమయం. ఆస్ట్రేలియాలో అదే సమయానికి శనగ విత్తనం మొదలవుతుంది. సుంకం లేదన్న కబురు అందగానే అక్కడి రైతులు విస్తీర్ణం పెంచుకోగలిగారు. అక్టోబరు, నవంబరులలో కోసిన ఆ పంట, ఇక్కడి కొత్త పంట కోతకు రాకముందే భారతీయ రేవులకు చేరుతుంది. ఒకే ఉత్తర్వు ఒక దేశపు రైతుకు విత్తే ముందు, మరొక దేశపు రైతుకు కోసిన తరువాత అందింది.

ఆ ఏడు దేశంలో శనగ దిగుబడి తగ్గినందున ధర వెంటనే పడలేదు. మద్దతు ధర 5,440 రూపాయలకు పైననే కొంతకాలం నిలిచింది. కాబట్టి దిగుమతులు వచ్చిన ప్రతిసారీ ధర కూలుతుందని సూత్రీకరించడం సరికాదు. అయితే 2025 కొత్త పంట వచ్చేనాటికి ధర ఆ ఎత్తు నుండి దిగివచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుండి శనగ మీద 10 శాతం, అదే ఏడాది నవంబరు 1 నుండి పసుపు బఠాణీ మీద 30 శాతం సుంకం తిరిగి అమలులోకి వచ్చాయి.

గిడ్డంగి రసీదు మీద అప్పు

పంట చేతికి వచ్చిన వెంటనే అమ్మితే ధర తక్కువ. దసరా, దీపావళి గిరాకీ వరకు ఆగితే ఎక్కువ రావచ్చు. ఈ ఆశతోనే రైతు శనగను నిల్వ చేస్తాడు. పుచ్చు పట్టకుండా, గింజ రంగు మారకుండా ఉండేందుకు శీతల గిడ్డంగులను ఆశ్రయించడం ఈ ప్రాంతంలో అలవాటు. నిల్వ రసీదును తాకట్టు పెట్టుకొని బ్యాంకు అప్పు ఇస్తుంది. 2007 నాటి గిడ్డంగుల చట్టం 2010 అక్టోబరులో అమలులోకి వచ్చిన తరువాత, నమోదైన గిడ్డంగులు ఇచ్చే రసీదుకు చేతులు మారగల పత్రం హోదా కలిగింది. ప్రస్తుతం అది ఎలక్ట్రానిక్ రూపంలో ఉంది. 2025 ఏప్రిల్ నుండి వర్తించే రిజర్వు బ్యాంకు ప్రాధాన్యరంగ మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి రసీదు మీద 90 లక్షల రూపాయల వరకు, ఇతర రసీదుల మీద 60 లక్షల వరకు, 12 నెలలకు మించని గడువుతో ఇచ్చే రుణం వ్యవసాయ రుణంగా లెక్కకు వస్తుంది. రసీదు రుణాల కోసం 2024 డిసెంబరులో కేంద్రం 1,000 కోట్ల రూపాయల పరపతి హామీ పథకాన్ని కూడా ప్రారంభించింది.

ఈ అప్పు నడిచే తీరు గ్రహించడానికి ఒక ఊహా లెక్క ఉపకరిస్తుంది. మార్చిలో 50 క్వింటాళ్లు, క్వింటాలు 6,000 రూపాయల ధర మీద, గిడ్డంగిలో పెట్టిన రైతును తీసుకుందాం. సరుకు విలువ 3,00,000 రూపాయలు. బ్యాంకు అందులో 70 శాతం, అంటే 2,10,000 అప్పుగా ఇచ్చిందనుకుందాం. మొదటి ఆరు నెలలు 7 శాతం, తరువాతి మూడు నెలలు 10 శాతం వడ్డీ అయితే మొత్తం వడ్డీ 12,600. నిల్వ అద్దె క్వింటాలుకు 120 చొప్పున 6,000. తొమ్మిది నెలల తరువాత తీర్చవలసింది 2,28,600 రూపాయలు. నిల్వ చేసినందుకు క్వింటాలుకు 372 రూపాయలు ఖర్చయినట్లు. మార్చిలో అమ్మితే వచ్చే దానికి సమానం కావాలంటేనే డిసెంబరులో ధర 6,372 ఉండాలి. ధర 4,500కు పడితే సరుకంతా అమ్మినా 2,25,000 మాత్రమే. పంట పోయి, ఇంకా 3,600 బాకీ మిగులుతుంది.

బ్యాంకు అంతవరకు ఆగదు. ధర తగ్గుతున్న కొద్దీ తన మార్జిన్ కరిగిపోతుంది కనుక, అదనపు సరుకు పెట్టమని గాని, కొంత అప్పు కట్టమని గాని, లేదా అమ్మమని గాని రైతును కోరుతుంది. పదిమంది రైతులకు ఒకేసారి ఈ నోటీసులు వెళ్తే, అందరి సరుకూ ఒకేసారి మార్కెట్‌కు వచ్చి ధర మరింత దిగుతుంది. 2013 తరువాత ప్రకాశం, కర్నూలు, కడప జిల్లాలలో శీతల గిడ్డంగులు అమ్ముడుపోని శనగతో నిండి, వేలం నోటీసులు ఆందోళనలకు దారితీయడం ఈ క్రమంలోనిదే. 2019లోనూ నిల్వలు పేరుకుపోగా, రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 1,500 రూపాయల చొప్పున, రైతుకు 30 క్వింటాళ్లకు మించకుండా సహాయం ప్రకటించవలసి వచ్చింది. ఒక్కొక్క రైతుకు గరిష్ఠంగా 45,000 రూపాయలు. ఆ సహాయం ఊరటే కాని, నష్టం జరిగాక ఖజానా నుండి పూడ్చడమే.

రుణ గడువు ఎవరి క్యాలెండరు ప్రకారం?

కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతుకు నమోదైన గిడ్డంగి రసీదు మీద, కోత తరువాత ఆరు నెలల వరకు పంట రుణపు రాయితీ వడ్డీయే వర్తిస్తుంది. ఉద్దేశం మంచిదే. కాని శనగ విషయంలో మార్చి నుండి ఆరు నెలలంటే సెప్టెంబరుతో ముగుస్తుంది. పండుగల గిరాకీ ఊపందుకునేది ఆ తరువాతనే. కెనడా, రష్యాల బఠాణీ కోతలు ముగిసి సరుకు బయలుదేరేదీ ఆ సమయంలోనే. దీనికి తోడు అక్టోబరులో తీసుకున్న పంట రుణాన్ని ఏడాది లోపల తీరిస్తేనే 3 శాతం సకాల చెల్లింపు రాయితీ దక్కుతుంది. రబీ విత్తనానికి, ఎరువులకు డబ్బు కావలసిందీ అప్పుడే. ఇన్ని ఒత్తిళ్లు ఒకే నెల చుట్టూ చేరితే, ధరతో నిమిత్తం లేకుండా రైతు అమ్మకానికి దిగుతాడు. ధర కోసం ఆగడానికి ఇచ్చిన అప్పు, ఆగవలసిన నెలలోనే ఖరీదు పెరుగుతుంది.

పోటీదారు దేశంలో పద్ధతి ఎలా ఉందో చూడదగినది. కెనడాలో 1997 నాటి వ్యవసాయ మార్కెటింగు చట్టం కింద నడిచే ముందస్తు చెల్లింపు పథకంలో, పంట అంచనా విలువలో సగం వరకు అడ్వాన్సు లభిస్తుంది. అందులో మొదటి కొంత మొత్తానికి వడ్డీ లేదు. ధాన్యపు పంటలకు గడువు 18 నెలల వరకు ఉంటుంది. సరుకు అమ్మిన కొద్దీ తీర్చుకుంటూ పోవచ్చు. ఇక్కడి రైతుకూ అక్కడి రైతుకూ భూమి విస్తీర్ణంలో పోలిక లేదు. గమనించవలసింది గడువు. అక్కడి అడ్వాన్సు తరువాతి పంట కోత దాటి కూడా కొనసాగుతుంది కనుక, ఒక చెడ్డ మార్కెట్ ఏడును దాటే వెసులుబాటు రైతుకు ఉంది.

మన దేశంలోనూ విదేశీ వాణిజ్యపు నష్టభయాన్ని గుర్తించిన పరపతి లేకపోలేదు. ఎగుమతిదారుకు ఓడకు ముందు ప్యాకింగ్ క్రెడిట్ ఉంది. కొనే దేశం దిగుమతి ఆంక్షలు పెట్టినా ఆదుకునే బీమాను ఇ.సి.జి.సి. అందిస్తుంది. ఆ సంస్థ మూలాలు 1957 నాటివి. శనగ రైతుకు అందుబాటులో ఉన్న ప్రధానమంత్రి ఫసల్ బీమా మాత్రం దిగుబడి నష్టానికే పరిమితం. సొంత ప్రభుత్వపు సుంకం మార్పు వలన ధర పడితే దానికి బీమా లేదు. మద్దతు ధర పథకం కింద నాఫెడ్ తరఫున మార్క్‌ఫెడ్ కొనుగోళ్లు జరుగుతాయి కాని, అవి కోత కాలానికి, పరిమిత పరిమాణానికి సంబంధించినవి. గిడ్డంగిలో ఆగిన సరుకుకు అక్కరకు రావు.

ఎగుమతి పంట పండించే రైతుకు కూడా ఈ రక్షణ దిగిరాదు. మైదుకూరు ప్రాంతంలో పండే కృష్ణాపురం ఉల్లికి స్థానికంగా గిరాకీ లేదు; సింగపూర్, మలేషియా, శ్రీలంక మార్కెట్లే ఆధారం. 2020 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతిని నిషేధించి, అక్టోబరులో ఈ రకానికి 10,000 టన్నుల వరకు, చెన్నై రేవు ద్వారా మాత్రమే, కడప ఉద్యానశాఖ ధ్రువపత్రంతో సడలింపు ఇచ్చారు. ప్యాకింగ్ క్రెడిట్, బీమా వర్తకునికి చెందుతాయి. పొలంలోని గడ్డ రైతుది. ఉల్లి నిల్వకు ఆగదు కనుక తాకట్టు రుణమన్న మార్గమూ అతనికి లేదు.

శాఖ స్థాయిలో సాధ్యమైనవి

సుంకాన్ని నిర్ణయించడం బ్యాంకు పని కాదు. గడువును, విలువ కట్టే తీరును నిర్ణయించడం మాత్రం దాని చేతిలోనిదే. శనగ తాకట్టు రుణానికి 12 నెలల అనుమతి ఉన్నప్పుడు డిసెంబరు చివరి వరకు వాయిదా ఇవ్వడానికి నిబంధన అడ్డుకాదు. సుంకం మినహాయింపు అమలులో ఉన్న కాలంలో నిల్వకు వచ్చిన సరుకు మీద తొలి అప్పు శాతాన్ని కొంత తగ్గించి, ధర నిలకడ చూసి రెండవ విడత ఇస్తే, రైతు నోటీసుల దాకా పోడు. మొదట తక్కువ డబ్బు వస్తుందన్న అసంతృప్తి ఉంటుంది. పై లెక్కలో 70 శాతానికి బదులు 55 శాతమే ఇచ్చి ఉంటే 4,500 ధర వద్ద కూడా అప్పు తీరి రైతుకు సుమారు 44,000 మిగిలేది.

కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడింది. కోస్తా వరికీ, సీమ శనగకూ ఒకే వాయిదా పట్టిక అమలైతే పై సమస్య పెరుగుతుంది. జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఎకరాకు రుణ పరిమితిని నిర్ణయించే సమావేశంలోనే తాకట్టు గడువును కూడా పంటవారీగా చర్చించడం సాధ్యమే.

కౌలు రైతు సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. భూమి పత్రం లేనందున అతనికి పంట రుణం దొరకడం కష్టం. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కార్డు ఇచ్చినా, దానికీ భూయజమాని అంగీకారం కావాలి. గిడ్డంగి రసీదుకు భూమి పత్రంతో పని లేదు. సరుకు తెచ్చిన వాని పేరే రసీదు మీద ఉంటుంది, ఆ సరుకే హామీ. ఆ విధంగా కౌలుదారుకు తన పేరు మీద బ్యాంకు అప్పు పుట్టగల అరుదైన చోటు ఇది. కాని ఆరు నెలల వడ్డీ రాయితీ కిసాన్ కార్డు ఉన్నవారికే పరిమితం కావడంతో, అదే గిడ్డంగిలో అదే శనగ పెట్టిన కౌలుదారు భూయజమాని కంటె ఎక్కువ వడ్డీ చెల్లిస్తాడు. ఈ రాయితీని కార్డుకు కాక రసీదుకే ముడిపెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. పథకపు మార్గదర్శకాలలో ఒక్క నిబంధనను సవరిస్తే చాలు.